24 గంటల లెక్క

మనిషిని పోలీసులు పట్టుకున్న క్షణం ఏది? గడపలో భుజం మీద చెయ్యి పడ్డ క్షణమా, జీపు ఎక్కించిన క్షణమా, ఠాణాలో రైటర్ ఆ పేరు రాసుకున్న క్షణమా? చూడటానికి చిన్న ప్రశ్న. కాని మన దగ్గర పౌరహక్కుల వకీలు అనే మనిషి తయారైంది ఈ ప్రశ్న చుట్టూనే. ఆ కథకు డెబ్బై ఏళ్లు దాటాయి. అది ఢిల్లీలో మొదలై, హైదరాబాద్ మీదుగా నిజామాబాద్ వచ్చి, కామారెడ్డి, ఎల్లారెడ్డి కోర్టుల ఆవరణల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

రాజ్యాంగం 22వ అధికరణం సూటిగానే మాట్లాడుతుంది. అరెస్టయిన మనిషికి ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. తను కోరుకున్న వకీలుతో మాట్లాడుకోనివ్వాలి. 24 గంటల్లోగా దగ్గర్లో ఉన్న మెజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. దారిలో పట్టే సమయాన్ని మాత్రం ఆ లెక్కలో కలపరు. లింగంపేట, గాంధారి మండలాల తండాల నుంచి 1950లో ఎల్లారెడ్డికి రావాలంటే ఎడ్లబండో కాలినడకో. కాబట్టి ఆ మినహాయింపుకు అప్పట్లో అర్థముంది. ఇవాళ ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి నలభై కిలోమీటర్ల పైచిలుకు, బస్సులో గంటన్నర కూడా పట్టదు. అయినా ఆ దారికి మూడు రోజులు పట్టిందని చెప్పే తల్లులు ఇంకా ఉన్నారు. రోడ్డు మీద గడిచిన రోజులు కావవి. రిజిస్టర్‌లో పేరు ఎక్కకుండా గడిచిన రోజులు.

ఈ నేలకు అది కొత్త సంగతి కాదు. నిజాం ఏలుబడి చివరి రోజుల్లో ఇందూరు (నిజామాబాద్) ఖిల్లా జైల్లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి వంటివాళ్లు బందీలుగా ఉన్నారు. దాశరథి ఆ గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. పట్టుకున్నవాణ్ని ఫలానా గడువులో న్యాయాధికారికి చూపించి తీరాలని నిలదీయడానికి అప్పటి ప్రజ చేతిలో రాజ్యాంగం లేదు.

ఆ ఆధారం రాతలోకి వచ్చింది 1949 సెప్టెంబరు 15న. అంతకుముందు రాజ్యాంగ సభ జీవించే హక్కు అధికరణాన్ని చర్చించి, చట్టం ఏ పద్ధతి పెడితే ఆ పద్ధతిలో మనిషి స్వేచ్ఛను తీసుకోవచ్చని ఒప్పుకుంది. ఆ పద్ధతి న్యాయమైనదిగా ఉండాలన్న షరతు జారిపోయింది. సభలోనూ బయటా దాని మీద అసంతృప్తి రగిలింది. అంబేడ్కర్ స్వయంగా ఆ లోటును ఒప్పుకుని, దాన్ని కొంతైనా పూడ్చడానికి 15ఏ అనే కొత్త అధికరణాన్ని ప్రతిపాదించారు. నేటి 22వ అధికరణం అదే. కారణం చెప్పడం, వకీలు, 24 గంటలు అప్పటిదాకా మామూలు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్న నియమాలే. మామూలు చట్టాన్ని మామూలు మెజారిటీతో మార్చేయొచ్చు. వాటిని రాజ్యాంగంలోకి ఎక్కించడంతో ఏ ప్రభుత్వమూ తేలిగ్గా చెరిపేయలేని స్థితి వచ్చింది. అయితే అదే అధికరణం రెండో సగంలో ముందస్తు నిర్బంధానికి తలుపు తెరిచి పెట్టారు. ఆ తలుపు సంగతికి మళ్లీ వస్తాను.

రాత వచ్చింది గాని, దాన్ని చేతిలో పట్టుకుని కోర్టులో నిలబడే మనుషులు వెంటనే రాలేదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో నల్గొండలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు 12 మందికి ఉరిశిక్ష వేసినప్పుడు, విచారణలో తమకు వకీలు లేడన్నది ఆ ముద్దాయిల ఫిర్యాదుల్లో ఒకటి. వాళ్ల తరఫున లండన్ నుంచి డి.ఎన్.ప్రిట్ వచ్చి వాదించాల్సి వచ్చింది. సుప్రీంకోర్టు 1951లో జనార్దన్ రెడ్డి కేసులో పిటిషన్లను కొట్టేసింది. కాని కేసు నడుస్తూ ఉరి ఆగిన ఆ కాలంలో దేశంలోనూ బయటా ఆందోళన పెరిగి, చివరికి శిక్షలు యావజ్జీవంగా మారాయి. పన్నెండు ప్రాణాలు దక్కాయి. కేసు ఓడినా ప్రాణం గెలవొచ్చని, వాయిదాకు కూడా విలువ ఉంటుందని తెలుగు వకీళ్లు మొదటిసారి చూసింది అక్కడేనని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత పాతికేళ్లకు ఎమర్జెన్సీ వచ్చింది. 1975 జులై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు చనిపోయారు. సూరపనేని జనార్దన్, మురళీమోహన్ రెడ్డి, ఆనందరావు, సుధాకర్. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పారు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో జస్టిస్ వి.ఎం.తార్కుండే నాయకత్వంలో ఏర్పడ్డ కమిటీ ఊళ్లు తిరిగి, సాక్షులను కలిసి, వాళ్లను ముందే పట్టుకుని చెట్లకు కట్టి కాల్చారని తేల్చింది. ఆ కమిటీలో కాళోజీ నారాయణరావు ఉన్నారు. హైదరాబాద్ వకీలు కె.జి.కన్నబిరాన్ ఉన్నారు. పొరుగు జిల్లాలో జరిగిన ఈ సంగతిలో గడియారం లెక్కే ప్రాణం. పట్టుకున్నది ఎప్పుడో రుజువైతే, ఎదురుకాల్పులన్న కథ నిలవదు.

కమిటీ నివేదిక తర్వాత ప్రభుత్వం జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ వేసింది. కన్నబిరాన్ అక్కడ సాక్షులను ప్రశ్నించారు. బహిరంగంగా జరుగుతున్న విచారణను తలుపులు మూసి జరపాలని ప్రభుత్వం పట్టుబట్టడంతో కమిటీ తప్పుకుంది, కమిషన్ అర్ధంతరంగా ముగిసింది. చట్టప్రకారం చూస్తే అందులోంచి వచ్చిందేమీ లేదు. కాని పోలీసు కథనాన్ని సాక్షి బోనులో నిలబెట్టి, తారీఖు తారీఖుగా, గంట గంటగా ప్రశ్నించవచ్చని జనం చూశారు. అది చిన్న మార్పు కాదు. 1929లో మదురైలో పుట్టి, నెల్లూరు, మద్రాసుల్లో చదువుకుని హైదరాబాద్‌కు వచ్చిన కన్నబిరాన్ 1978 నుంచి 1994 దాకా ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. తెలుగులో వచ్చిన ఆయన ఆత్మకథ పేరు '24 గంటలు'. జీవితమంతా దేని కోసం కొట్లాడారో అట్ట మీదే రాసిపెట్టారు.

ఇక టెలిగ్రాం గురించి చెప్పాలి. పౌరహక్కుల ఉద్యమం ఈ నేల మీద కనిపెట్టిన పనిముట్లలో దానికి పెద్దపీట వెయ్యాలి. టెలిగ్రాం అంతకుముందూ ఉంది. చావు కబురుకూ పెళ్లి కబురుకూ వాడేవారు. దాన్ని కస్టడీకి సాక్ష్యంగా మార్చడమే కొత్త సంగతి.

అప్పటి చిక్కు ఇది. సోమవారం రాత్రి ఊళ్లో పట్టుకుంటారు. శుక్రవారం బస్టాండ్ దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నామని రాస్తారు. శనివారం మెజిస్ట్రేట్ ముందుకు తెస్తారు. కాగితం మీద 24 గంటలు దాటనే లేదు. మధ్య నాలుగు రోజులు ఎక్కడికి పోయాయో అడగడానికి కుటుంబం దగ్గర నోటిమాట తప్ప ఏమీ ఉండదు. నోటిమాటకూ రిజిస్టర్‌కూ పోటీ పెడితే రిజిస్టరే గెలుస్తుంది. రిజిస్టర్‌కు ఎదురు నిలబడాలంటే ఇంకో ప్రభుత్వ కాగితం కావాలి. అది పోస్టాఫీసులో దొరికింది.

పట్టుకుపోయిన వెంటనే ఇంటివాళ్లో, ఊళ్లో చదువుకున్న పిల్లవాడో తపాలా ఆఫీసుకు పరుగెత్తి టెలిగ్రాం ఇవ్వాలి. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒకటి, హోం కార్యదర్శికి ఒకటి, జిల్లా ఎస్పీకి ఒకటి. మాటకు ఇంతని డబ్బు కాబట్టి కథ రాసే వీలు లేదు. పేరు, ఊరు, ఎన్ని గంటలకు, ఎవరు, ఎక్కడికి, అంతే. రసీదు మీద తారీఖూ ముద్రా పడతాయి. ఇప్పుడు సోమవారం రాత్రి పట్టుకున్నారనడానికి సర్కారు ముద్రే సాక్ష్యం. శుక్రవారం అరెస్టు చేశామని తర్వాత ఎవరు రాసినా, లేని అరెస్టుకు మంగళవారం పొద్దున్నే టెలిగ్రాం ఎట్లా వచ్చిందని వకీలు అడగగలడు. పట్టుకున్న మనిషిని కోర్టు ముందు చూపించమని వేసే హెబియస్ కార్పస్ పిటిషన్‌కు ఆ రసీదు వెన్నెముక అయింది. దాని విలువ రుజువు దగ్గరే ఆగిపోలేదు. పై అధికారుల బల్ల మీద పేరు పడిందని తెలిస్తే, లోపలున్న మనిషి మీద పడే చెయ్యి కాస్త తగ్గుతుంది. కొందరు బతికి బయటపడ్డది ఆ కొన్ని మాటల వల్లే. చట్టం చదవని తల్లి, రాజ్యాంగం పేరు వినని రైతు ఈ పనిని నేర్చుకున్నారు. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగిపోయినప్పుడు దేశమంతా పాత జ్ఞాపకాలు చెప్పుకుంది. ఈ జ్ఞాపకాన్ని చెప్పుకున్నవాళ్లు తక్కువ.

ఈ విద్య జిల్లాల్లోకి ఎట్లా దిగిందో చూడాలంటే నిజామాబాద్ రావాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి అప్పుడు నిజామాబాద్ జిల్లాలో తాలూకాలు. తూర్పుగోదావరి జిల్లా కోనసీమలో కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం 1970లలో నిజామాబాద్‌లో వకీలుగా ఉన్నారు. కవి, అంబేడ్కరిస్టు. అక్కడే అంబేడ్కర్ యువజన సంఘాన్ని పెట్టి దళిత కూలీలను, యువకులను కూడగట్టారు. ఎమర్జెన్సీలో ఆయన్నే జైల్లో పెట్టారు. ముద్దాయి తరఫున నిలబడే మనిషి ముద్దాయిగా లోపలికి వెళ్లి రావడం ఆ తరం వకీళ్లలో చాలామంది అనుభవం. బయటి నుంచి చదివిన చట్టానికీ లోపల నుంచి చూసిన చట్టానికీ తేడా వాళ్ల రాతల్లో తెలుస్తుంది.

తారకం రాసిన 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే చిన్న పుస్తకం ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. కవిగా ఆయన రాసిన పుస్తకాలు ఉన్నాయి, నవల ఉంది, కోర్టుల్లో వాదించిన పెద్ద కేసులు ఉన్నాయి. అయినా ఈ చిన్న పుస్తకం చేసిన పని వేరు. వారెంటు అంటే ఏమిటి, బెయిలు ఎప్పుడు హక్కు, ఎప్పుడు కోర్టు దయ, ఠాణాలో ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదు వంటి ప్రశ్నలు ఊళ్లో మనిషికి ఎదురయ్యేవే. వాటి జవాబులు ఉన్న చట్టాలు మాత్రం ఇంగ్లిషులో, వకీలు బీరువాలో ఉండేవి. తెలిసినవాడు ఫీజు తీసుకుని చెప్పే విషయాన్ని తారకం అందరి చేతిలో పెట్టారు. ఇది వకీలు తన వృత్తికి తనే గండి కొట్టుకోవడమని అనేవాళ్లు ఉండవచ్చు. పౌరహక్కుల వకీలు మిగతా వకీళ్ల నుంచి వేరుపడేది సరిగ్గా ఇక్కడే. కక్షిదారు తన మీద ఆధారపడాలని అతను కోరుకోడు. కక్షిదారుకు తెలియాలని కోరుకుంటాడు.

తర్వాత ఆయన హైదరాబాద్ వెళ్లి హైకోర్టులో ప్రభుత్వ ప్లీడర్ అయ్యారు. 1985 జులై 17న కారంచేడులో దళితులను చంపినప్పుడు ఆ పదవిని వదిలేసి బయటికొచ్చారు. 2016 సెప్టెంబరు 16న కన్నుమూశారు. సరిగ్గా అదే ఏడాది అక్టోబరు 11న కామారెడ్డి వేరే జిల్లా అయింది, ఎల్లారెడ్డి అందులో రెవెన్యూ డివిజన్ అయింది.

ఈ పనికి చెల్లించిన ధర కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఊరికే పద్ధతుల చరిత్ర కాదు. 1985లో జగిత్యాలలో న్యాయవాది గోపి రాజన్నను చంపారు. అదే ఏడాది సెప్టెంబరు 3న హనుమకొండలో, ఒక ఎస్సై శవయాత్ర సాగుతున్న వేళ, పిల్లల డాక్టరు రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 1991 డిసెంబరులో వరంగల్‌లో న్యాయవాది నర్రా ప్రభాకర్ రెడ్డి. 2000 నవంబరులో హైదరాబాద్‌లో పురుషోత్తం. 2001 ఫిబ్రవరిలో నల్గొండలో ఆజం అలీ. పౌరహక్కుల సంఘంలో పనిచేసిన వీళ్ల చేతుల్లో ఉన్నది పిటిషన్లు, నిజనిర్ధారణ నివేదికలు. జిల్లా కేంద్రంలో ఈ పనికి దిగే కుర్ర వకీలు ఇంట్లోవాళ్లు భయపడ్డారంటే వాళ్లను తప్పు పట్టలేం.

దేశంలోని ఇతర మూలల నుంచి కూడా ఇదే ప్రశ్న సుప్రీంకోర్టుకు చేరుతూ వచ్చింది, ఎక్కువసార్లు ఉత్తరాల రూపంలో. ఒడిశాలో నీలబతి బెహెరా అనే తల్లి, ఠాణా నుంచి తిరిగిరాకుండా రైలు పట్టాల మీద శవమై దొరికిన తన 22 ఏళ్ల కొడుకు గురించి ఉత్తరం రాసింది. 1993లో సుప్రీంకోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని లక్షా యాభై వేల రూపాయల పరిహారం ఇప్పించింది. కస్టడీలో చావుకు ప్రభుత్వమే జవాబుదారీ అంది. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు వేసి ఖైదీని చంపిన కేసు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రానిదే. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు దాన్ని తేల్చి, ఖైదీ కూడా మనిషేనని, సార్వభౌమాధికారం పేరు చెప్పి ప్రభుత్వం తప్పించుకోలేదని చెప్పింది.

బెంగాల్ నుంచి డి.కె.బసు 1986లో రాసిన ఉత్తరం మీద 1996 డిసెంబరు 18న వచ్చిన తీర్పే అన్నిటికంటే పెద్దది. అరెస్టు చేసేటప్పుడే మెమో రాయాలి, అందులో తారీఖూ సమయమూ ఉండాలి, ఇంటివాళ్లో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. బంధువులకు తెలియజేయాలి. 48 గంటలకోసారి డాక్టరుకు చూపించాలి. ఇట్లా 11 ఆదేశాలు. వాటిలో ఒకటి చదివితే నాకు ఒళ్లు జలదరిస్తుంది. బంధువులు వేరే ఊళ్లో ఉంటే, 8 నుంచి 12 గంటల్లోగా వాళ్లకు అరెస్టు సంగతి టెలిగ్రాం ద్వారా తెలియాలి, ఆ బాధ్యత పోలీసులదే. అప్పటిదాకా తల్లులు పరుగెత్తి ఇచ్చిన టెలిగ్రాం, ఇప్పుడు పోలీసులు ఇవ్వాల్సిన టెలిగ్రాం అయింది. సమయాన్ని రుజువు చేసుకునే బరువు పట్టుబడ్డవాడి ఇంటి మీద నుంచి పట్టుకున్నవాడి బల్ల మీదికి మారింది. డి.కె.బసు ఆదేశాల్లో చాలా వరకు 2008 నాటి సవరణతో చట్టంలోకీ ఎక్కాయి.

ఈ మలుపుల మధ్య కె.బాలగోపాల్ గురించి ఒక్క మాటతో సరిపెట్టడం కష్టం. గణితంలో డాక్టరేట్ చేసి కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనిషి. 1983 నుంచి పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి. టాడా కింద జైలు చూశారు, కిడ్నాప్ అయ్యారు. నలభై అయిదు దాటాక నల్లకోటు వేసుకున్నారు. రాజ్యం చేసే హింసను అడిగే సంఘం, ఉద్యమాల పేరుతో జరిగే హింసను కూడా అడగాలని ఆయన వాదించారు. ఆ చర్చ పాత సంఘంలో తెగక, 1998లో మానవ హక్కుల వేదిక పుట్టింది. ఒక రైతును ఇన్ఫార్మర్ అని చంపినా, ఒక దళితుణ్ని ఊరు వెలివేసినా, ఒక స్త్రీని ఇంట్లో కొట్టినా అవి కూడా హక్కుల ప్రశ్నలేనన్న మాట జిల్లాల్లో పనిచేసే వకీలుకు చాలా దారులు తెరిచింది. ఎల్లారెడ్డి వైపు కేసులను తలచుకుంటే ఎందుకో తెలుస్తుంది. పోడు భూముల తగాదాలు, గల్ఫ్ ఏజెంట్ల మోసాలు, బీడీ కార్మికుల బకాయిలు, కులం పేరుతో జరిగే వెలి, అన్నీ చివరికి ఠాణా గడప దగ్గరికే వస్తాయి.

2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కేసు నమోదు కావలసిందేనని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవలసిన సంగతి అని తీర్పు చెప్పింది. పౌరహక్కుల సంఘం వేసిన కేసు అది. మార్చిలోనే సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. అదే ఏడాది అక్టోబరు 8న బాలగోపాల్, మరుసటి ఏడాది డిసెంబరు 30న కన్నబిరాన్ వెళ్లిపోయారు. 2014లో సుప్రీంకోర్టు వేరే కేసులో ఎన్‌కౌంటర్ల దర్యాప్తుకు 16 మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇప్పుడు కామారెడ్డికి వద్దాం. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాయి. అంతకుముందు జిల్లా కోర్టు నిజామాబాద్‌లోనే ఉండేది. ఇప్పుడు జిల్లా జడ్జి ఇక్కడే. ఊరి మనిషికి ఇది దూరం తగ్గడం మాత్రమే కాదు. బెయిలు పిటిషన్ వేసిన వకీలు పొద్దున వేసి సాయంత్రం ఇంటికి చేరగలడు, జామీనుదారులను తీసుకురావడానికి ఒక రోజు కూలి పోతే చాలు.

ఈ పని నిజంగా ఎట్లా ఉంటుందంటే, ముందు ఒక ఫోన్ వస్తుంది. "సారూ, మా పోరన్ని పట్కపోయిండ్రు." ఎన్ని గంటలకని అడిగితే "రాత్రి" అంటారు. అనుభవమున్న వకీలు అక్కడితో వదలడు. "తిన్నంకనా, తినకముందా? ఎల్లారెడ్డి ఆఖరు బస్సు పోయిందా అప్పటికి? పక్కింట్ల ఎవరు లేచిండ్రు?" అని అడుగుతూ పోతాడు. భయంలో ఉన్న తల్లికి గడియారం గుర్తుండదు, బస్సు గుర్తుంటుంది. ఆ బస్సు సమయం డిపోలో ఉంటుంది. అట్లా చీకట్లోంచి ఒక అంకె బయటికి వస్తుంది. "జర ఎస్పీ సారుకు వాట్సాప్‌ల పెట్టుండ్రి, పెట్టింది తీసెయ్యకుండ్రి" అంటాడు తర్వాత. టెలిగ్రాం రసీదు చేసిన పనిని ఇప్పుడు ఫోన్‌లోని సందేశం, కాల్ రికార్డు, ఈమెయిల్ చేస్తున్నాయి. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలు ఉండాలని, ఆ దృశ్యాలను నెలల తరబడి దాచాలని ఆదేశించాక, ఫలానా తారీఖు ఫలానా గంట దృశ్యాలను చెరపకుండా ఉంచాలని మెజిస్ట్రేట్‌కు పిటిషన్ పెట్టడం కూడా ఈ పనిలో భాగమైంది. సమయం తెలియకపోతే ఆ పిటిషన్ రాయలేరు. మళ్లీ గడియారం దగ్గరికే వస్తాం.

2024 జులై 1 నుంచి పాత కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి. 24 గంటల నియమం 57 నుంచి 58కి, ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టుకు బదులు ఇచ్చే నోటీసు 41ఏ నుంచి 35కి జరిగాయి. ఆ నోటీసు మంచిదే. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు తర్వాత అనవసరపు అరెస్టులకు అది అడ్డుకట్ట అయింది. కాని ఏ కాగితమూ ఇవ్వకుండా "ఒకసారి వచ్చిపో" అని పిలిపించి పొద్దంతా, ఒక్కోసారి రాత్రంతా కూర్చోబెట్టడం ఉందే, అది అరెస్టూ కాదు, నోటీసూ కాదు. చట్టంలో దానికి పేరు లేదు. అందుకే అది ప్రమాదం.

ఆ సందులోకి వెలుగు వేసింది మన తెలంగాణ హైకోర్టే. 2024లో ఇచ్చిన ఒక తీర్పులో, 24 గంటల లెక్క పోలీసులు అరెస్టు అని రాసుకున్న సమయం నుంచి కాదు, మనిషిని అదుపులోకి తీసుకుని అతని కదలికను ఆపిన క్షణం నుంచి మొదలవుతుందని చెప్పింది. గిరాయిపల్లి నుంచి తల్లులూ వకీళ్లూ అడుగుతూ వచ్చిన మాట ఇది. ఎల్లారెడ్డి మెజిస్ట్రేట్ కోర్టులో రిమాండ్ వాదించే వకీలు ఇప్పుడు ఆ తీర్పు ప్రతిని చేతిలో పెట్టుకుని నిలబడవచ్చు.

ముందస్తు నిర్బంధం మాటకు తిరిగి వస్తానన్నాను. తెలంగాణలో 1986 నాటి పీడీ చట్టాన్ని మామూలు నేరాలకూ వాడుతూ వచ్చారు. దాని కింద మనిషిని మెజిస్ట్రేట్ ముందుకు తేనక్కర్లేదు, 24 గంటల లెక్కే ఉండదు. బెయిలు వచ్చినవాడి మీద ఈ ఉత్తర్వు పెడితే వచ్చిన బెయిలుకు అర్థం ఉండదు. 2023 సెప్టెంబరులో ఒకసారి, 2024 మార్చిలో ఇంకోసారి సుప్రీంకోర్టు తెలంగాణ అధికారులను ఈ విషయంలో గట్టిగానే మందలించింది. 1949లో తెరిచి ఉంచిన తలుపు మూతపడలేదు. కాపలా మనుషులు మాత్రం పెరిగారు.

ఇంకో పని మిగిలి ఉంది, అది కామారెడ్డి, ఎల్లారెడ్డి కోర్టులకు మరీ దగ్గరిది. అరెస్టుకు కారణాలు చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో తేల్చింది. అదే ఏడాది నవంబరులో ఇంకో అడుగు వేసింది. ఏ నేరమైనా సరే, కారణాలను రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, కనీసం రిమాండ్‌కు తెచ్చే రెండు గంటల ముందైనా అవి అతని చేతిలో ఉండాలని చెప్పింది. కామారెడ్డి పట్టణంలో తెలుగు సరిపోతుంది, కొందరికి ఉర్దూ కావాలి. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి తండాల్లో అమ్మలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. దానికి మన ఠాణాల్లో రాసే లిపి లేదు. కాబట్టి తెలుగులో రాసిన కారణాలను ఎవరో ఒకరు లంబాడీలో చదివి వినిపించాలి, వినిపించినట్టు పేరు రాసి సంతకం పెట్టాలి. ఆ మనిషి పోలీసు మనిషి కాకూడదన్నది నా అభిప్రాయం. తండాల్లో చదువుకున్న ఆడపిల్లలు, డిగ్రీ అయిపోయిన పిల్లలు ఎంతోమంది ఉన్నారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వాళ్ల పేర్లతో ఒక జాబితా చేసి, రోజు భత్యం ఇచ్చి, ప్రతి ఠాణా గోడ మీద ఉచిత న్యాయసహాయం నంబరు 15100 పక్కన ఆ ఫోన్ నంబర్లు కూడా రాయించాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద డబ్బూ అక్కర్లేదు. రెండు బార్ అసోసియేషన్లు కలిసి ఒక వినతిపత్రం పెడితే ఈ పని మొదలవుతుంది.